పార్కింగ్ లాట్‌లో అత్తయ్య గారు జారి పడ్డారు: అడగడం తప్పా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో అద్దెకు ఉంటున్నాం. గుంటూరు నుంచి మా అత్తయ్య గారు విజిటర్ వీసా మీద వచ్చారు. ఆమె వయసు 63. మూడు వారాల క్రితం ఒక సోమవారం ఉదయం, బాబును స్కూలు బస్సు ఎక్కించి రావడానికి వెళుతూ పార్కింగ్ లాట్‌లో ఐసు మీద జారి పడ్డారు. మంచు కురవడం అంతకు ముందు శుక్రవారం రాత్రికే ఆగిపోయింది. శనివారం ప్లౌ (మంచు తోసే బండి) వచ్చి మంచునంతా లాట్‌లో ఎత్తుగా ఉన్న వైపు, చెత్త డబ్బాల పక్కన గుట్టగా పోసి వెళ్లింది. ఆదివారం బాగా ఎండ కాసింది. పడినప్పుడు కుడి మణికట్టు విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. విజిటర్ ఇన్సూరెన్సు వాళ్లు కొంతే ఇస్తామంటున్నారు. లీజింగ్ ఆఫీసు మేనేజరు ఒక నెల అద్దె మాఫీ చేస్తామనీ, అందుకు అత్తయ్య గారూ మా వారూ ఒక కాగితం మీద సంతకం చేయాలనీ అడుగుతున్నారు. లీజు మళ్లీ ఇవ్వరేమో, అమ్మ వీసాకు ఇబ్బంది వస్తుందేమో, సంతకం పెట్టేద్దాం అని మా వారు అంటున్నారు. "నా గ్రహచారం, ఎవరినీ ఏమీ అనకండి" అని అత్తయ్య గారు అంటున్నారు. నిజానికి ఆ రోజు బాబుతో నేను వెళ్లాలి. ఆఫీసు కాల్ ఉందని ఆమెను పంపాను. ఆమె వేసుకున్నవి అరిగిపోయిన కాన్వాసు బూట్లు. తప్పు మావైపు పెట్టుకుని ఇంకొకరిని నష్టపరిహారం అడగవచ్చా?
— ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు ఒక మాట. ఆ కాగితం మీద ఎవరూ సంతకం చేయకండి. ఒక లాయరు దాన్ని చదివి, అందులో ఏముందో మీకు వివరంగా చెప్పే వరకు పక్కన పెట్టండి.

అటువంటి కాగితాన్ని రిలీజు అంటారు. ఈ ప్రమాదం విషయంలో ఇకమీదట యజమానిని గానీ, ఆయన ఇన్సూరెన్సు కంపెనీని గానీ, మంచు తీసే కాంట్రాక్టరును గానీ ఏమీ అడగను అని రాసి ఇవ్వడమే దాని సారాంశం. ఇప్పుడు కట్టు కింద చెయ్యి ఎలా అతుకుతోందో ఇంకా తెలియదు. వేళ్లు పూర్తిగా ముడుచుకోగలరా, ఫిజియోథెరపీ ఎన్ని నెలలు పడుతుంది, ఆ ప్లేటును మళ్లీ తీయవలసి వస్తుందా అన్నవి డాక్టరుకే ఇప్పుడు చెప్పడం కష్టం. దెబ్బ లోతు తెలియకముందే లెక్క తేల్చేసుకోమని అడుగుతున్నారు. పైగా ఆ బేరంలో ఒక అన్యాయం ఉంది. చెయ్యి విరిగింది అత్తయ్య గారిది, మాఫీ అయ్యే అద్దె మీది. నష్టపరిహారం అడిగే హక్కు చట్టం దృష్టిలో పూర్తిగా ఆమెదే. మీ వారు ఎంత మంచి మనసుతో ఆలోచించినా, ఆ హక్కును ఒక నెల అద్దెకు ఇచ్చేయడం ఆయన చేతిలోని పని కాదు. ఆమెకు విషయమంతా తెలుగులో, నిదానంగా చెప్పండి. అన్నీ తెలిశాక ఆమె వద్దంటే వద్దు. తెలియక ముందే "గ్రహచారం" అని వదిలేయడం మాత్రం నిర్ణయం అనిపించుకోదు.

ఇక మీరు మోస్తున్న బరువు సంగతి. నాయనమ్మ మనవడిని బస్సు ఎక్కించడానికి వెళ్లడం ప్రమాదకరమైన పనేమీ కాదు. ఆ దారి సురక్షితంగా ఉండాలి. దానికోసమే మీరు నెలనెలా అద్దె కడుతున్నారు. ఆఫీసు కాల్ ఉన్న రోజున కోడలు అత్తగారి సాయం అడగడంలో తప్పు వెతకకండి, ఇంట్లో ఇంకెవరైనా వెతికినా ఒప్పుకోకండి.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఆ మంచు గుట్ట. ఎత్తు వైపు పోసిన మంచు పగటి ఎండకు కరుగుతుంది. నీళ్లు వాలు వెంట సన్నటి పొరగా లాట్‌కు అడ్డంగా పారుతాయి. రాత్రి ఉష్ణోగ్రత 32 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి దిగగానే ఆ తడి అక్కడికక్కడే గడ్డకడుతుంది. తెల్లగా ఉండదు కాబట్టి మంచు అని ఎవరికీ అనిపించదు. తారు కాస్త తడిగా, నల్లగా మెరుస్తున్నట్టు ఉంటుంది, అంతే. బ్లాక్ ఐస్ అనేది దీన్నే. చలి దేశంలో పుట్టి పెరిగినవాళ్లు కూడా దాని మీద కాలు పెట్టాకే గుర్తుపడతారు. గుంటూరు నుంచి వచ్చిన మనిషి చూసి తప్పించుకోవాలనడం న్యాయం కాదు. ఆ గుట్టను పల్లం వైపు, నీళ్లు పోయే జాలీ దగ్గర పోసి ఉంటే సోమవారం ఉదయం ఆ చోట ఐసు ఏర్పడేది కాదు. అంటే ఇక్కడ ఆకాశం నుంచి పడిన మంచు ఒక్కటే కారణం కాదు, దాన్ని ఎక్కడ పోశారన్నదీ కారణమే. లాయరుతో మాట్లాడేటప్పుడు ఈ విషయం మొదటే చెప్పండి.

న్యూజెర్సీ చట్టం ఈ విషయంలో ఏమంటుందో చూద్దాం. వ్యాపార భవనాల యజమానులు తమ స్థలాన్ని ఆనుకున్న కాలిబాటను బాగా ఉంచాలని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1981లో చెప్పింది. 1983లో ఆ బాధ్యతను మంచుకూ ఐసుకూ వర్తింపజేసింది. అద్దెకిచ్చే అపార్ట్‌మెంట్ కాంప్లెక్సు ఈ లెక్కలో వ్యాపారమే. కాంప్లెక్సు లోపలి పార్కింగ్ లాట్, మెట్లు, నడకదారులు అందరూ వాడుకునే స్థలాలు, యజమాని అధీనంలో ఉన్నవి కాబట్టి అక్కడ ఆయన బాధ్యత ఇంకా స్పష్టం. 2015లో ఒక వృద్ధుల నివాస సముదాయం కేసులో కూడా, సముదాయం లోపలి ప్రైవేటు కాలిబాట మీది మంచు, ఐసు విషయంలో దాన్ని నిర్వహించే సంఘానికి బాధ్యత ఉందని అదే కోర్టు తేల్చింది. మంచు తీసే పనిని కాంట్రాక్టరుకు అప్పగించామన్నంత మాత్రాన యజమాని బాధ్యత సాధారణంగా తీరిపోదు. కాంట్రాక్టరును కూడా జవాబుదారీ చేయవచ్చు.

యజమానులు ఎక్కువగా ఆధారపడే తీర్పు 2021లో వచ్చింది. నడిచి పనికి వెళుతూ ఒక వ్యక్తి ఐసు మీద పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆ సమయానికి మంచు తుఫాను ఇంకా పూర్తిగా ఆగలేదు. తుఫాను సాగుతున్నంతసేపూ యజమాని మంచు తీస్తూ ఉండనక్కరలేదనీ, అది ఆగాక తగినంత వ్యవధి గడిచిన తరువాతే బాధ్యత మొదలవుతుందనీ కోర్టు చెప్పింది. అయితే రెండు మినహాయింపులు పెట్టింది. యజమాని తన చర్యతోనే ప్రమాదాన్ని పెంచితే గానీ, అంతకు ముందటి తుఫాను వదిలిన ఐసు అప్పటికే అక్కడ ఉంటే గానీ ఈ రక్షణ పనికిరాదు. మీ విషయంలో మంచు ఆగింది శుక్రవారం రాత్రి, అత్తయ్య గారు పడింది సోమవారం ఉదయం. మధ్యలో రెండు పూర్తి రోజులు ఉన్నాయి. "తుఫానులో మేమేం చేయగలం" అనే జవాబు వారికి అందుబాటులో ఉందని నేను అనుకోను.

అయినా ఐసు ఉండడమే చాలదు. అది ఉన్నట్టు యజమానికి తెలుసు, లేదా కాస్త జాగ్రత్తగా ఉంటే తెలిసి ఉండేది అని చూపించాలి. అసలు పోరు అంతా సాధారణంగా ఇక్కడే. మీ కాంప్లెక్సులో తెలుగువాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉండే ఉంటుంది. ఆదివారం రాత్రి గానీ సోమవారం తెల్లవారుజామున గానీ "చెత్త డబ్బాల దగ్గర జాగ్రత్త, జారుతోంది" అని ఎవరైనా పెట్టారేమో వెతకండి. ఉంటే సమయంతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇరుగుపొరుగు వాళ్లకు పెట్టిన మెసేజీ యజమానికి చెప్పినట్టు కాదు, నిజమే. కానీ ఐసు ఎన్ని గంటలుగా అక్కడ ఉందో అది చూపిస్తుంది, అంతసేపు ఉన్నదాన్ని యజమాని మనుషులు చూసి ఉండాల్సింది అనే వాదనకు బలం ఇస్తుంది. ఎవరైనా లీజింగ్ ఆఫీసుకు ఫోను చేసి ఉంటే, లేదా అద్దెదారుల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి ఉంటే అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. పోయిన చలికాలంలో అదే చోట ఎవరైనా పడ్డారా అని కూడా అడగండి.

బూట్ల మాటకు వద్దాం, మిమ్మల్ని అదే ఎక్కువ బాధిస్తున్నట్టుంది. న్యూజెర్సీలో తప్పును శాతాల్లో పంచుతారు. పడిన మనిషి తప్పు 50 శాతం దాటనంత వరకు ఆమెకు పరిహారం వస్తుంది, ఆమె వంతు మేరకు తగ్గుతుంది. ఉదాహరణకు నష్టం లక్ష డాలర్లని తేల్చి, అరిగిన బూట్ల వల్ల ఆమె తప్పు 20 శాతం అన్నారనుకోండి, 80 వేలు వస్తాయి. 51 శాతం అంటే మాత్రం ఏమీ రాదు. అందువల్ల బూట్లు కేసును బలహీనపరిస్తే పరచవచ్చు గానీ చంపవు. ఆ బూట్లను పారేయకండి, కడగకండి. ఒక సంచిలో వేసి దాచండి. దాచకపోతే వాటి గురించి అవతలివాళ్లు చెప్పిందే మిగులుతుంది.

మీ వారి భయాలు రెండూ సహజమైనవే, రెండింటికీ జవాబు ఉంది. లీజు విషయంలో న్యూజెర్సీ అద్దెదారుకు ఇచ్చినంత రక్షణ చాలా రాష్ట్రాల్లో లేదు. 1974 నాటి చట్టం ప్రకారం, మీరు ఉంటున్నటువంటి పెద్ద కాంప్లెక్సులో, లీజు గడువు ముగిసినా సరే, చట్టంలో రాసిన కారణాల్లో ఒకటి ఉంటే తప్ప మిమ్మల్ని ఖాళీ చేయించలేరు. అత్తగారు పరిహారం అడిగారన్నది ఆ కారణాల్లో లేదు. అద్దె ప్రతి నెలా సమయానికి కట్టండి, ఈ గొడవ మీద కోపంతో ఒక్క నెల కూడా ఆపకండి. అద్దె కట్టకపోవడం మాత్రం ఆ కారణాల్లో ఉంది. వీసా సంగతి: సివిల్ దావా వేయడం నేరం కాదు, విజిటర్ వీసా నిబంధనను అతిక్రమించడమూ కాదు. పరిహారంగా వచ్చే డబ్బు ఉద్యోగం చేసి సంపాదించిందీ కాదు. వీసా మీద వచ్చినవాళ్లు కూడా ఇక్కడి సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. ఆమె జాగ్రత్త పడవలసింది ఒక్క ఐ-94 (ఇక్కడ ఎప్పటివరకు ఉండవచ్చో తెలిపే రికార్డు) గడువు విషయంలోనే. వైద్యం కోసం ఇంకొన్నాళ్లు ఉండవలసి వస్తే, గడువు ముగియకముందే, దాన్ని పొడిగించమని కోరే ఐ-539 దరఖాస్తు చేయాలి. కేసు నడుస్తోంది కదా అని గడువు దాటి ఉండిపోకూడదు.

ఇప్పుడు చేయవలసిన పనుల్లో మొదటిది ఉత్తరం. ఆ ఐసు మూడు వారాల కిందటే కరిగిపోయింది, మిగిలింది కెమెరాల్లో, ఫోన్లలో, మనుషుల జ్ఞాపకంలో ఉన్నదే. పార్కింగ్ లాట్ కెమెరాల రికార్డింగు ఎక్కువ కాలం ఉండదు, కొత్త దృశ్యాలు పాతవాటిని చెరిపేస్తూ పోతాయి. కాబట్టి ఇవాళే లీజింగ్ ఆఫీసుకు ఈమెయిల్ పంపండి, దాని ప్రతిని రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. ఏ రోజున, ఏ సమయానికి, ఏ చోట పడ్డారో రాయండి. ఆ వారాంతపు కెమెరా రికార్డింగు, మంచు తీసిన రికార్డులు, ఉప్పు చల్లిన రికార్డులు, కాంట్రాక్టరుతో ఒప్పందం చెరపకుండా భద్రపరచమని కోరండి. అంతవరకే. తప్పు ఎవరిదో, బూట్లు ఎలాంటివో, ఆ రోజు ఎవరు వెళ్లాలో అందులో రాయకండి. ఆ చోటును ఇప్పుడైనా ఫొటోలు తీయండి. ఐసు లేకపోయినా వాలు ఎటు ఉందో, నీటి జాలీ ఎక్కడ ఉందో, గుట్ట పోసిన చోట మిగిలిన మురికి మంచు ఉంటే అదీ కనిపించాలి. ఆ రోజుల్లో ఎప్పుడు ఎంత మంచు పడింది, ఎండ ఎంత, రాత్రి చలి ఎంత అన్నదాని గురించి బెంగ వద్దు. జాతీయ వాతావరణ సంస్థ రికార్డులు ఉంటాయి, ధృవీకరించిన ప్రతులను లాయర్లు తెప్పిస్తారు.

యజమాని ఇన్సూరెన్సు కంపెనీ తరఫున అడ్జస్టర్ (క్లెయిమ్ పరిశీలించే ఉద్యోగి) ఫోను చేయవచ్చు. చాలా మర్యాదగా మాట్లాడతారు. "ఎలా ఉన్నారమ్మా" అంటే మన పెద్దవాళ్లు నొప్పితో మెలికలు తిరుగుతున్నా "బాగానే ఉన్నాను నాయనా" అంటారు. ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక "చూసుకోలేదు, నాదే పొరపాటు" అనేస్తారు. అది మన మర్యాద. రికార్డింగులో మాత్రం అది ఒప్పుకోలుగా మిగిలిపోతుంది, రేపు అదే మాటను శాతాల లెక్కలో వాడతారు. అవతలి కంపెనీకి రికార్డు చేసే వాంగ్మూలం ఇవ్వాలని ఆమెకు ఏ నిర్బంధమూ లేదు. ఫోను మీరు తీసుకుని, లాయరుతో మాట్లాడాక చెబుతామని పెట్టేయండి. ఆసుపత్రిలో, ఫిజియోథెరపీలో డాక్టరు అడిగినప్పుడు మాత్రం ఆమె నొప్పి ఉన్నదున్నట్టు చెప్పాలి. అక్కడ మొహమాటపడి తగ్గించి చెప్పింది కూడా వైద్య రికార్డులోకి ఎక్కుతుంది.

బిల్లుల సంగతి కేసుతో ముడిపెట్టకుండా విడిగా చూసుకోండి. కేసు తేలడానికి ఏడాది, రెండేళ్లు పట్టవచ్చు, ఆసుపత్రి అంతవరకు ఆగదు. ముందుగా ప్రతి ఖర్చూ విడివిడిగా రాసిన బిల్లు అడగండి. ఆసుపత్రి లాభాపేక్ష లేనిదైతే, ఆర్థిక సహాయ విధానం ఉండి తీరాలన్నది ఫెడరల్ చట్టం. డిశ్చార్జి అయ్యాక వచ్చిన మొదటి బిల్లు తేదీ నుంచి 240 రోజుల వరకు దరఖాస్తు తీసుకోవాలి. విజిటర్ ఇన్సూరెన్సు ఇచ్చేది తక్కువైనా ఆ క్లెయిమ్ వేయడం మానకండి. తరువాత పరిహారం వస్తే తాము ఇచ్చిన మేరకు తిరిగి ఇమ్మని ఆ కంపెనీ అడిగే నిబంధన పాలసీలో ఉండవచ్చు, పాలసీ ప్రతిని లాయరుకు చూపించండి.

లాయరు ఫీజుకు భయపడకండి. ఇటువంటి కేసుల్లో మొదటి సంప్రదింపుకు చాలామంది డబ్బు తీసుకోరు. పరిహారం వస్తేనే ఫీజు. న్యూజెర్సీ కోర్టుల నిబంధన ప్రకారం ఆ ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, వాటా సాధారణంగా మూడో వంతు దాటదు. ఓడిపోతే కోర్టు ఖర్చులు, నిపుణుల ఖర్చులు ఎవరు భరించాలో సంతకానికి ముందే అడగండి. ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, అత్తయ్య గారు తెలుగులో చెప్పింది అనువాదకుల ద్వారా ఓపికగా వినేవాళ్లను ఎంచుకోండి. గెలుస్తారని నేను మాట ఇవ్వలేను. ఆదివారం సాయంత్రం, సోమవారం తెల్లవారుజామున ఉప్పు చల్లినట్టు వాళ్ల దగ్గర రికార్డులుంటే కేసు కష్టమవుతుంది. ఆపరేషన్ దాకా వెళ్లిన దెబ్బ కాబట్టి అడగదగిన కేసు అని మాత్రం గట్టిగా చెబుతాను. దావా వేయడానికి పడిన రోజు నుంచి రెండేళ్లు గడువుంది. ఆ స్థలంలో కొంతైనా టౌన్‌షిప్‌ది లేదా మరో ప్రభుత్వ సంస్థది అని తేలితే 90 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అందుకే స్థలం ఎవరిదో ఈ వారమే లాయరుతో సరిచూపించండి. ప్రభుత్వ రోడ్ల మీది మంచు విషయంలో గెలవడం మరీ కష్టమని కూడా తెలుసుకోండి.

మిగతా పాఠకులకు ఒక హెచ్చరిక. ఇదంతా న్యూజెర్సీ సంగతి. ఇల్లినాయిలో, సహజంగా పేరుకున్న మంచు మీద పడితే యజమానిని అడగడం చాలా కష్టం, మనుషుల చర్య వల్ల పేరుకున్నదని చూపాలి. మసాచుసెట్స్‌లో అటువంటి తేడానే ఉండేది, 2010లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని తీసేసింది. కెనడాలోని ఒంటారియోలో ఉన్నవాళ్లు మరీ తొందరపడాలి. 2021 జనవరి నుంచి ప్రైవేటు స్థలంలో మంచు, ఐసు మీద పడినవారు 60 రోజుల్లో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, నగరపాలక సంస్థ కాలిబాట అయితే గడువు పది రోజులే.

మళ్లీ మీ విషయం. అత్తయ్య గారు గుంటూరు వెళ్లిపోయినా కేసు నడుస్తుంది, ప్రతి దశకూ ఆమె ఇక్కడే ఉండనక్కరలేదు. వీడియో ద్వారా వాంగ్మూలం ఇచ్చే ఏర్పాటు గురించి లాయరును ముందే అడగండి. బయలుదేరే ముందు సర్జన్‌ను కలిసి, చెయ్యి ఇప్పుడు ఎంతవరకు తిరుగుతోంది, ఇకముందు ఏ చికిత్స అవసరం అన్నది రాయించుకోండి. ఎక్స్‌రేలు, ఆపరేషన్ రికార్డు ప్రతులు తీసుకోండి. అక్కడ ఫిజియోథెరపీకి, డాక్టరుకు, ఇంటి పనికి పెట్టుకునే మనిషికి అయ్యే ప్రతి ఖర్చుకూ తేదీ వేసిన రసీదు తీసుకోమని మామయ్య గారికి ఇప్పుడే చెప్పి ఉంచండి. చిల్లర కాగితం మీద రాసిన లెక్క కంటే ముద్ర ఉన్న బిల్లు గట్టి ఆధారం.